ఆల్ స్మిత్ అసెంబ్లీ రోజులు చదివిన నా అనుభవం

ఆల్ స్మిత్ అంటే 1928 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హూవర్ చేతిలో ఓడిపోయిన కేండిడేట్ అనే చాలామందికి తెలుసు, నాకు మాత్రం అంతకుముందు న్యూయార్క్ స్టేట్ అసెంబ్లీలో ఆయన చేసిన పనే గొప్పదనిపించి దాన్నే పట్టుకున్నా. చిన్నప్పుడే బడి మానేసి ఫుల్టన్ చేపల మార్కెట్‌లో పనిచేసిన మనిషి, 1904లో న్యూయార్క్ స్టేట్ రాజధాని ఆల్బనీలో అసెంబ్లీ సభ్యుడిగా అడుగుపెట్టాడు, మొదట్లో బిల్లుల భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట, అయినా వదల్లేదు, రాత్రిళ్ళు కూర్చుని బిల్లులు చదువుతూనే ఉన్నాడు, 1913కల్లా స్పీకర్ అయ్యాడు!

జీవితకథ వరకు ఈజీగానే అయిపోయింది, అసలు కష్టం ఫ్యాక్టరీ ఇన్వెస్టిగేటింగ్ కమిషన్ రిపోర్టులతోనే. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయాక వేసిన కమిషన్ అది, స్టేట్ సెనేటర్ రాబర్ట్ వాగ్నర్ ఛైర్మన్, స్మిత్ వైస్ ఛైర్మన్. స్కాన్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి కానీ వాల్యూములు బోలెడు, మొదటి ఏడాది రిపోర్టే మూడు. నేను వరసగా చదవలేదు, ముందు సాక్షుల విచారణ చదివా, ఎందుకంటే అది ప్రశ్న-జవాబు కాబట్టి మనుషులు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత సిఫార్సులకి వెళ్తే ఏ రూల్ ఎందుకు పెట్టారో దానంతటదే తెలిసిపోతుంది. కొత్తగా చదివేవాళ్ళు కూడా ఇలాగే మొదలుపెట్టండి.

మధ్యలో ఒకసారి మాన్‌హట్టన్‌లో ఆ ఫ్యాక్టరీ ఉన్న బిల్డింగ్ దగ్గరికి వెళ్ళా, ఇప్పుడది న్యూయార్క్ యూనివర్సిటీది. గోడకి పైన స్టీల్ పట్టీలో చనిపోయినవాళ్ళ పేర్లు కోసి పెట్టారు, కింద నడుము ఎత్తులో నల్లటి పలక ఉంటుంది, పేర్లు అందులో ప్రతిబింబంగా కనిపిస్తాయి, వంగి చదవాలి. మంటలొచ్చిన రోజు తొమ్మిదో అంతస్తులో తలుపుకి తాళం వేసి ఉంది, ఫైర్ వాళ్ళ నిచ్చెన ఆరో అంతస్తు వరకే అందింది, ఇవన్నీ అంతకుముందే చదివినా అక్కడ తలెత్తి చూస్తే కడుపు తరుక్కుపోయింది.

నాకు బాగా నచ్చింది క్యానరీల, అంటే డబ్బా ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీల గొడవ. వారానికో రోజు సెలవు రూల్ నుంచి తమని తప్పించమని పళ్ళు, కూరగాయలు డబ్బాల్లో ప్యాక్ చేసే ఓనర్లు అడిగితే స్మిత్ లేచి, విశ్రాంతి దినం పాటించమన్న దేవుడి ఆజ్ఞలో క్యానరీలు తప్ప అని నాకెక్కడా కనపడలేదే అన్నాడు. రాత్రిళ్ళు బిల్లుల్లో ఒక్కో పదం పట్టి చదివినవాడికే అలాంటి జవాబు తడుతుంది. ఇప్పుడు మాజీ సెనేటర్ ఎలిహు రూట్ అధ్యక్షతన జరిగిన 1915 న్యూయార్క్ స్టేట్ రాజ్యాంగ సభ రికార్డులు మొదలుపెట్టా, అందులోనూ స్మిత్ ఉన్నాడు.