పదమూడు అడుగుల దారం మీద ఫాక్‌లాండ్స్ యుద్ధం

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద గదిలో ఆరుగురం కూర్చుని 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం నడిపిన బ్రిటన్ వార్ కేబినెట్‌ని, అంటే యుద్ధ నిర్ణయాలు తీసుకున్న చిన్న మంత్రుల బృందాన్ని, ఆటగా మళ్ళీ నడిపాం, పొద్దున తొమ్మిదింటికి మొదలెడితే మధ్యాహ్నం రెండు దాటింది, అన్నం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నా దగ్గర పాలిటిక్స్ చదువుకునే పిల్లలు ఐదుగురు, అసలు వార్ కేబినెట్‌లో ఉన్న మంత్రులూ ఐదుగురే, ప్రధాని థాచర్, హోం మంత్రి వైట్‌లా, రక్షణ మంత్రి జాన్ నాట్, విదేశాంగ మంత్రి ఫ్రాన్సిస్ పిమ్, పార్టీ ఛైర్మన్ పార్కిన్‌సన్. బ్రిటన్ సైన్యాధిపతి అడ్మిరల్ లెవిన్, రాజీ కోసం తిరిగిన అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, ఇట్లా బయటనుంచి వచ్చి మాట్లాడేవాళ్ళందరి పాత్రలూ నావే.

పోయినసారి 1961 గోవా చేశాం, అది తొందరగా అయిపోయింది. ఎందుకంటే గోవా మన రోడ్డు చివర ఉంది, సైన్యం నడిచి వెళ్ళగలదు, రెండు రోజుల్లో డిసెంబర్ 19 కల్లా పోర్చుగీసు గవర్నర్ లొంగిపోయాడు. ఫాక్‌లాండ్స్‌ది వేరే లెక్క, అవి దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ చేతిలో ఉన్న దీవులు, మావేనని అర్జెంటీనా అంటుంది. ఏప్రిల్ 2న అర్జెంటీనా దిగింది, అప్పుడు ఆ దీవుల్లో ఉన్నది 1,800 మంది చిల్లర, బ్రిటన్‌కి అవి 13,000 కిలోమీటర్ల దూరం. ఆ దూరం నోటితో చెప్తే పిల్లలకి ఎక్కట్లేదని పూలు కట్టే దారం తెచ్చి అడుగుకి వెయ్యి కిలోమీటర్ల చొప్పున గుమ్మం దగ్గర్నుంచి కిటికీ దాకా పదమూడు అడుగులు నేలమీద పరిచాను, మధ్యలో అట్లాంటిక్‌లో బ్రిటన్‌దే అయిన అసెన్షన్ దీవికి ఒక చింతగింజ, కిటికీ కింద ఫాక్‌లాండ్స్‌కి ఇంకోటి. అర్జెంటీనా తీరం ఆ గింజకి అరడుగు కూడా లేదు. అది చూడగానే అందరి మాటలూ తగ్గాయి.

రూల్ ఒకటే పెట్టాను, ఏ తారీకున కూర్చుంటే ఆ తారీకు దాకా తెలిసిందే మాట్లాడాలి, తర్వాత ఏమైందో చదివున్నా సరే వాడకూడదు. రోజుకి ఐదు నిమిషాలు. విమానవాహక నౌకలు హెర్మిస్, ఇన్విన్సిబుల్ ఏప్రిల్ 5న పోర్ట్స్‌మౌత్‌లో బయల్దేరాయి, వాటికి రెండు రూపాయి బిళ్ళలు, మే 1కి అక్కడికి చేరాయి కాబట్టి మధ్యలో ఆగింది కూడా కలుపుకుంటే సగటున రోజుకి అరడుగు. ప్రతి ఐదు నిమిషాలకీ లేచి ఆ బిళ్ళలు ముందుకి జరిపేవాణ్ణి.

నరసరావుపేట అబ్బాయి వైట్‌లా. మొదటి పది నిమిషాల్లోనే అడిగాడు, సార్ ఇంత ఖర్చు పెడుతున్నాం కదా ఆర్థిక మంత్రి ఏడి అని. నాకు భలే సంతోషమేసింది, ఎందుకంటే నిజంగానే ఆర్థిక మంత్రి జెఫ్రీ హవ్‌కి అందులో కుర్చీ లేదు. ఖజానా వాళ్ళని బయట ఉంచమని థాచర్‌కి సలహా ఇచ్చింది మాజీ ప్రధాని మాక్‌మిలన్, 1956లో ఈజిప్టు సూయెజ్ కాలువ కోసం బ్రిటన్ దాడికి దిగిన గొడవ అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉండి పౌండు పడిపోతుంటే కళ్ళారా చూసిన మనిషి ఆయనే. డబ్బు లెక్కలకి భయపడి నిర్ణయాలు మారకూడదు అనేది ఆయన ఉద్దేశం. అది మంచిదా చెడ్డదా అని పిల్లలు అరగంట వాదించుకున్నారు, ఆ అరగంటలో బిళ్ళలు మూడడుగులు జరిగాయి.

నేను ఈ పోస్టు రాసేది దీనికోసమే. పుస్తకంలో చదివితే కేబినెట్ కూర్చుంది, ఆలోచించింది, యుద్ధానికి వెళ్ళింది అని వరసగా ఉంటుంది, దారం పక్కన కూర్చుంటే అట్లా ఉండదు. ముందు ఓడలు పంపిద్దాం, ఈలోపు మాట్లాడుకుందాం అని అందరూ ఒప్పుకున్నారు, చాలా తేలిగ్గా ఒప్పుకున్నారు. తీరా బిళ్ళలు అసెన్షన్ చింతగింజ దాటాక వెనక్కి పిలవటం అనే మాట ఎవరి నోటా రాలేదు. పైగా అక్కడ జూన్ అంటే చలికాలం, ఓడల్ని నెలల తరబడి ఆ సముద్రంలో నిలబెట్టలేరు. హేగ్ లండన్‌కీ బ్యూనస్ ఐరిస్‌కీ తిరిగి తిరిగి ఏప్రిల్ 30కి చేతులెత్తేశాడు, అమెరికా బ్రిటన్ పక్కన నిలబడింది. అసలు నిర్ణయం ఏప్రిల్ మొదటి వారంలోనే అయిపోయింది, మిగతావి దాని వెనకాల వచ్చినవే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మే 2 దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఆ రోజు ప్రధాని విడిది చెకర్స్‌లో మధ్యాహ్న భోజనానికి ముందు లెవిన్ వచ్చి అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోని ముంచటానికి అనుమతి అడిగాడు. అది దీవుల చుట్టూ బ్రిటన్ ప్రకటించిన 200 నాటికల్ మైళ్ళ నిషేధ వలయానికి బయట ఉంది, కానీ దాంతో ఎక్సోసెట్ క్షిపణులున్న రెండు డిస్ట్రాయర్లు ఉన్నాయి, ఉత్తరాన అర్జెంటీనా విమానవాహక నౌక ఉంది, రెండు వైపుల నుంచీ వస్తే మన బిళ్ళలు మధ్యలో ఇరుక్కుంటాయి. పిమ్ ఆ రోజు అమెరికాలో ఉన్నాడు కాబట్టి పిమ్‌గా కూర్చున్న మంగళగిరి అమ్మాయిని గది బయటకి, నీళ్ళ ట్యాంకు దగ్గరకి పంపేశాను, పెరూ అధ్యక్షుడు బెలౌందే ఇచ్చిన రాజీ ప్రతిపాదనల కాగితం చేతికిచ్చి. ఆ అమ్మాయి ఎండలో నిలబడి అది చదువుకుంటుంటే లోపల నలుగురూ ఏడు నిమిషాల్లో సరే అనేశారు.

ఆమె తిరిగొచ్చి, సార్ ఇందులో మాట్లాడటానికి చోటుంది అని మొదలెట్టింది. థాచర్‌గా ఉన్న తెనాలి అమ్మాయి తలెత్తకుండా, ఆర్డర్ వెళ్ళిపోయిందే అంది. నేను తర్వాతి కాగితం చదివాను, బెల్‌గ్రానోలో 323 మంది పోయారు, ఓడ దెబ్బ తినేటప్పటికి పడమటికి తిరిగి వెళ్తోంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా అంది పిమ్, ఆట అని మర్చిపోయి నిజంగా బాధపడింది.

ఆ నిర్ణయం తప్పు అని ఇప్పటికీ నేను అనలేను. రెండు రోజుల తర్వాత బ్రిటన్ యుద్ధనౌక షెఫీల్డ్‌కి ఎక్సోసెట్ తగిలి 20 మంది పోయారు, భయం ఉత్త భయం కాదు. కానీ బయట దేశాలతో మాట్లాడే మంత్రి లేని రోజున అంత పెద్ద మాట ఏడు నిమిషాల్లో తేలిపోవటం మాత్రం నాకు మింగుడుపడట్లేదు.

అర్జెంటీనా లొంగిపోయిన జూన్ 14 దాకా ఆడలేదు, పిల్లలే వద్దన్నారు. పోయినవాళ్ళ మొత్తం లెక్క మాత్రం బోర్డు మీద రాశాను, బ్రిటన్ సైనికులు 255, అర్జెంటీనా వాళ్ళు 649, దీవుల వాళ్ళు ముగ్గురు. వచ్చే నెల ఇదే మళ్ళీ చేస్తున్నాం, ఈసారి అర్జెంటీనా వైపు, అక్కడి సైనిక పాలకుడు గాల్టియెరి గదిలో కూర్చుని. మంగళగిరి అమ్మాయి దారం చుట్టి తన బ్యాగులో పెట్టుకుంది, అప్పుడు తెస్తానంది.