క్లచ్ ఒకటి, థ్రాటిల్ ఒకటి: మా పాత కారు రిపేరు, నా అనుభవం

స్పీడ్ బ్రేకర్ దగ్గర క్లచ్ వదులుతుంటే బండి వణికి ఆగిపోయేది. హైవే ఎక్కాక ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుపు పెరిగేది గానీ బండి లాగేది కాదు. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం రోజూ కారులోనే వచ్చి వెళ్తాను కాబట్టి ఈ రెండు బాధలూ ఒక్క ప్రయాణంలోనే కనిపించేవి. తోటి టీచర్లందరిదీ ఒకటే మాట: "క్లచ్ ప్లేట్ పోయింది మాస్టారూ, మార్చేయండి." వాళ్ల మాట విని అదొక్కటే మార్పించి ఉంటే, డబ్బు ఖర్చయ్యేది, బండి మాత్రం స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆగిపోతూనే ఉండేది.

రథసప్తమికి అమ్మని అరసవల్లి తీసుకెళ్తుంటే వ్యవహారం ముదిరింది. ఆ రోజు ఆ దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఆగినప్పుడల్లా ఇంజన్ ఆగిపోతుందేమోనని కాస్త రేజ్ చేస్తూ, హాఫ్ క్లచ్‌లో పెట్టి నడపాల్సి వచ్చింది. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. వెనక సీట్లో అమ్మ ఉంది, చుట్టూ జనం. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

మర్నాడు ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. ఆ మెకానిక్ బానెట్ ఎత్తకుండానే సీట్లో కూర్చుని, నేను చెప్పిందంతా విన్నాడు. "ఏటి మాస్టారూ, రెండు జబ్బులకి ఒకటే మందేటి? ముందు ఏది ఏదో తేల్చుదాం" అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే.

ముందు న్యూట్రల్‌లో పెట్టి, కాళ్లు రెండూ తీసేసి ఇంజన్‌ని వదిలేశాడు. ఇంజన్ వేడెక్కాక ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 800 దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. మాది 500కి పడిపోతోంది, మళ్లీ వెయ్యి దాటుతోంది. ఏసీ వేయగానే ఇంజన్ ఆగిపోయింది. "గేర్లోనే లేదు కదండీ, ఇంక దీనికీ క్లచ్‌కీ ఏటి సంబంధం?" అన్నాడు. అంటే బండి ఆగిపోవడానికి కారణం ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో, థ్రాటిల్ దగ్గర ఉందన్నమాట.

తర్వాత క్లచ్. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. మాది మూలుగుతూ తిరుగుతూనే ఉంది. ఈ పరీక్ష పదేపదే చేయకూడదు, ఉన్న ప్లేట్ కూడా కాలిపోతుంది. రోడ్డు మీద చూసుకోవాలంటే, ఖాళీ హైవేలో నాలుగో గేరులో యాభైలో వెళ్తూ ఒక్కసారి బాగా తొక్కి చూడాలి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడు ముల్లు అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే.

అయినా వెంటనే గేర్‌బాక్స్ దించలేదు. నన్ను క్లచ్ పెడల్‌ని చేత్తో నొక్కి చూడమన్నాడు. బిగువు తగిలే ముందు కొద్దిగా వదులు ఉండాలి, దాన్నే ఫ్రీ ప్లే అంటారు. మాకు అసలు లేదు. మా బండి క్లచ్ కేబుల్‌తో పనిచేసే రకం. ఇలాంటి వాటిలో ప్లేట్ అరిగేకొద్దీ ఆ వదులు తగ్గిపోతుంది. పూర్తిగా పోతే, కాలు తీసేసినా క్లచ్ కొద్దిగా నొక్కినట్టే ఉండిపోతుంది, పూర్తిగా పట్టుకోదు. అందుకే ముందు గేర్‌బాక్స్ దగ్గరున్న అడ్జస్టింగ్ నట్టు తిప్పి చూశాడు. జారడం తగ్గింది గానీ పోలేదు. అప్పుడు తేలింది, ప్లేట్ నిజంగానే అయిపోయిందని.

థ్రాటిల్ పని ముందు చేశాడు. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం విప్పితే లోపల గుండ్రటి పల్చటి రేకు కనిపించింది. ఆక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే బటర్‌ఫ్లై అదే. దాని అంచు చుట్టూ జిగురుగా నల్లటి మసి. ఐడిలింగ్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, గాలి అందేది ఆ సన్నటి సందులోంచి, పక్కనున్న చిన్న దారిలోంచే. అవి పూడుకుపోతే ఇంజన్‌కి ఊపిరాడదు. క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే గుడ్డ తారులా అయిపోయింది. రేకు మధ్యలో పట్టేయకుండా టక్కున మూసుకునేదాకా వదల్లేదు. మాది కేబుల్ థ్రాటిల్ కాబట్టి వేలితో తెరిచాడు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండ్లలో అలా బలవంతంగా తోస్తే లోపలి మోటారు, గేర్లు దెబ్బతినొచ్చు. వాటిని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. మ్యాట్ పెడల్ కిందకి జరగకుండా కూడా చూశాడు.

ఎప్పుడైనా ఆక్సిలరేటర్ పట్టేసి ఇంజన్ అరుస్తూనే ఉంటే క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, బ్రేక్ వేసి, బండి పక్కకి ఆగాకే ఇంజన్ ఆపాలి. నడుస్తుండగా తాళం చెవి తీసేస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు. ఇది మా ఇంట్లో బండి నడిపే అందరికీ చెప్పి ఉంచాను.

గేర్‌బాక్స్ దించిన రోజు నేను దగ్గరే ఉన్నాను. క్లచ్ ప్లేట్ మీద పట్టు ఇచ్చే పొర రివెట్ల తలల దాకా అరిగిపోయింది. క్లచ్ ప్లేట్ ఆనుకునే ఇంజన్ చక్రం, ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి. దాన్ని లేత్‌కి పంపి నునుపు చేయించాం. కేబుల్ తీస్తే చివర కొన్ని పోగులు తెగి, తుప్పు పట్టి ఉన్నాయి. పెడల్ బరువెక్కడానికి కారణం అదీ.

దించడం, ఎక్కించడం పెద్ద పని కాబట్టి ప్లేట్ ఒక్కటే కాకుండా దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్, పెడల్ తొక్కితే ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్, కేబుల్, ఇంజన్ వెనక ఆయిల్ సీల్ అన్నీ అప్పుడే మార్పించాను. సీల్ కారి ఆయిల్ పడితే కొత్త ప్లేట్ కూడా జారుతుంది. పాత సామాను మొత్తం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరైనా అడగాల్సిందే అది. చేతిలో పట్టుకుని చూస్తే ఏది ఎంత అరిగిందో మనకే తెలుస్తుంది.

కొత్త ప్లేట్ కుదురుకునేదాకా రేజ్ చేసి లాగొద్దన్నాడు, అలాగే నడిపాను. కొన్నాళ్లకి కేబుల్ కొద్దిగా సాగడంతో మళ్లీ వెళ్లి ఫ్రీ ప్లే సరిచేయించాను, దానికి డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు ఆమదాలవలస స్టేషన్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినా ఆర్‌పీఎం ముల్లు ఊగడం లేదు.