సొసైటీలో లెక్క అడగడం మన హక్కు

ప్లాటు కోసం హౌసింగ్ సొసైటీలో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే వాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో ఎక్కువమంది బైలా, అంటే సొసైటీ నియమావళి, కాపీ కూడా చూసి ఉండరు. ముందు అది తెచ్చుకోండి. మీ సొసైటీ ఏ చట్టం కింద రిజిస్టరైందో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో 1964 సహకార చట్టం ఒకటి, 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇంకొకటి. రెండో దాంట్లో ప్రభుత్వ జోక్యం చాలా తక్కువ, అంటే లెక్కల మీద కన్నేసి ఉంచాల్సింది సభ్యులే.

1964 చట్టం కిందైతే సొసైటీకీ సభ్యులకీ మధ్య తగాదాలకు సెక్షన్ 61 ఉంది, సొసైటీ పనితీరు మీద విచారణకు సెక్షన్ 51 ఉంది. ఎన్ని షేర్లున్నా సభ్యుడికి ఒక్కటే ఓటు, కాబట్టి ప్రెసిడెంటు గారి ఓటుకీ మీ ఓటుకీ తేడా లేదండీ. అయినా జనరల్ బాడీ మీటింగ్‌కి పోయి, టీ తాగి, మీటింగ్‌లో జరిగింది రాసే మినిట్స్ బుక్‌లో ఏం రాశారో చూడకుండానే సంతకం పెట్టి వచ్చేస్తాం. ఆ పేజీయే రేపు సాక్ష్యం. చదివాకే సంతకం పెట్టండి, ఆడిట్ రిపోర్టు కావాలంటే నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి.