మార్చి 31న మిగిలిపోయిన సీఎస్‌ఆర్ సొమ్ము

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) గురించి చెప్పే కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 అనగానే, సగటు లాభంలో రెండు శాతం అందుకు ఖర్చు చేయాలన్నదే అందరికీ గుర్తొస్తుంది. చిక్కంతా ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము దగ్గరే.

ఒక కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభం 12 కోట్లనుకుందాం. ఈ లాభం సెక్షన్ 198 ప్రకారం లెక్కగట్టాలి, లాభనష్టాల ఖాతాలోని అంకె యథాతథంగా పనికిరాదు. బాధ్యత 24 లక్షలు, ఖర్చయింది 15, మిగిలింది 9. అది స్కూలు భవనంలాంటి కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ఏప్రిల్ 30 లోపు షెడ్యూల్డ్ బ్యాంకులో ప్రత్యేక ఖాతాకు మార్చి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడాలి. కాకపోతే సెప్టెంబరు 30 లోపు ప్రధానమంత్రి సహాయనిధి వంటి, ఇదే చట్టం ఏడో షెడ్యూలులో పేర్కొన్న నిధికి జమచేయాలి. గడువు దాటితే ఈ ఉదాహరణలో కంపెనీకి 18 లక్షలు, బాధ్యుడైన ఒక్కో అధికారికి 90 వేలు జరిమానా.

ప్రాజెక్టు కొనసాగుతున్నదని బోర్డు ఏడాది మధ్యలోనే తీర్మానించడం మంచిది. మార్చి ఆఖర్లో హడావిడిగా ఆ ముద్ర వేస్తే ఆడిటర్ ఒప్పుకోవడం కష్టం. స్వచ్ఛంద సంస్థకు చెక్కు ఇచ్చేస్తే పనైపోయిందనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఆ సంస్థ వాడినంత మేరకే ఖర్చు కింద లెక్క. దానికి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ (సీఎస్‌ఆర్ పనులు చేపట్టే సంస్థలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే నమోదు) ఉందో లేదో డబ్బు పంపకముందే చూసుకోండి.

వరదలొచ్చినప్పుడు మన దగ్గర చాలామంది ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తారు. ఇవ్వాల్సిందే, మంచి పని. కానీ 2020 ఏప్రిల్ 10 నాటి కేంద్ర సర్క్యులర్ ప్రకారం అది సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు కోవిడ్ కోసం ఇచ్చిన విరాళాన్ని అదే సర్క్యులర్ అనుమతించింది.