డెస్క్‌టాప్‌కి ర్యామ్: కొనేముందు, బిగించేటప్పుడు

ఎన్ని జీబీలు అన్నది తర్వాత సంగతి. ముందు మీ మదర్‌బోర్డుకి ఏ తరం ర్యామ్ పడుతుందో చూసుకోండి. డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288యే, పొడవూ ఒకటే. పక్కపక్కన పెడితే చప్పున తేడా కనపడదు. కింది అంచులో ఉండే గాటు మాత్రం కాస్త జరిగి ఉంటుంది, అందుకే ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. బలవంతం చేస్తే స్లాటే విరుగుతుంది.

ఏఎండీలో తికమక లేదు. ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డులకి డీడీఆర్4, ఏఎం5 బోర్డులకి డీడీఆర్5. ఇంటెల్ 12, 13, 14 తరాల దగ్గరే జనం బోల్తా పడతారు. ప్రాసెసర్ రెండు రకాలూ తీసుకుంటుంది గానీ బోర్డు మీద సాధారణంగా ఒక రకం స్లాట్లే ఉంటాయి. కాబట్టి ప్రాసెసర్ పేరు చూసి కొనకండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరసలో బోర్డు మోడల్ ఉంటుంది. దాంతో తయారీదారు సైట్‌లో చూస్తే అనుమానం తీరిపోతుంది.

బ్రౌజింగ్, ఆఫీసు పనులకి 16 జీబీ చాలు. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు ఉంటే 32 తీసుకోండి. 16 కావాలంటే ఒకే స్టిక్ కాకుండా 8 చొప్పున రెండు ఉన్న కిట్ మేలు, రెండు ఛానెళ్లూ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య డేటా నడిచే దారులు) పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో ఈ తేడా ఆటల్లో బాగా తెలుస్తుంది. పాత స్టిక్ పక్కన కొత్తది కలిపితే రెండూ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి, ఒక్కోసారి అసలు బూటే అవ్వదు.

వేగం ఒక్కటే చూసి మురిసిపోవద్దు, సీఎల్ అంకె (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాక్ సైకిళ్ల లెక్క) కూడా చూడాలి. సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కి 10, 6000 సీఎల్30కీ 10. అదే 3200 సీఎల్22 అయితే 13.75.

ఇక బిగించడం. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్‌లో రంగు వేయని లోహాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. నాలుగు స్లాట్లుంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి (బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది). పక్కపక్క స్లాట్లలో పెట్టేసి డ్యూయల్ ఛానెల్ రాలేదని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

గాటు సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా నిటారుగా నొక్కండి. బోర్డు కొద్దిగా వంగుతుంది, కంగారొద్దు. క్లిప్ టక్‌మని పడాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒక వైపే ఉంటుంది, తంటా అక్కడే. క్లిప్ పడిన వైపు దిగి, అవతలి చివర వెంట్రుకవాసి పైన ఉండిపోతుంది. టార్చి వేసి చూడండి, స్లాట్ పైన బంగారు రంగు గీత ఒక మూల వెడల్పుగా, ఇంకో మూల సన్నగా కనిపిస్తే అది సరిగా కూర్చోలేదు.

డీడీఆర్5 వేసిన మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు మెమరీ ట్రైనింగ్ చేసుకుంటోంది, అంటే కొత్త ర్యామ్‌కి తగ్గట్టు తనని సర్దుకుంటోంది, మధ్యలో ఆపకండి. చాలాసేపటికీ రాకపోతే కరెంటు తీసేసి, ఒక్క స్టిక్‌ని ఏ2లో పెట్టి చూడండి, తర్వాత రెండోదాన్ని అక్కడే. ఏదీ రాకపోతే సీమాస్ క్లియర్ చేయండి, అంటే బోర్డు సెట్టింగులని మొదటికి తెచ్చేయండి.

తెర వచ్చాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎంపీ, ఏఎండీలో అయితే ఎక్స్‌పో, ఆన్ చేయాలి. ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ప్రొఫైల్ అది. లేకపోతే 6000 అని కొన్నది మామూలుగా 4800 దగ్గరే నడుస్తుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో వేగం చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకూడదు. ప్రొఫైల్ ఆఫ్ చేసి మళ్లీ నడిపితే ఎర్రర్లు పోయాయా, ఆ బోర్డు, ప్రాసెసర్ ఆ వేగాన్ని మోయలేకపోతూ ఉండొచ్చు, ఒక మెట్టు తగ్గించి చూడండి. అప్పుడూ వస్తుంటే స్టిక్‌లని ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడ్డదేదో తేల్చి కిట్ మొత్తం వారంటీలో మార్పించుకోండి.