ఏసీల గ్యాస్ అయిపోయిందంట!

మొన్న ఆదివారం మధ్యాహ్నం, నల్లగొండ ఎండ గురించి చెప్పేదేముంది, 44 దాటింది, మా పైరూంల ఏసీ నడుస్తనే ఉంది గాని సల్లగైతే లేదు. అత్తమ్మ "గందుకే చెప్పిన, మన గడ్డి కూలరే నయముండె" అని షురూ చేసింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే మిషన్ చూడనే లేదు, "గ్యాస్ అయిపోయుంటది మేడం, మూడు వేలైతది, రేపొస్త" అన్నడు.

అయిపోవుడేంది? వంటగ్యాస్ లెక్క మండి అయిపోయేది కాదు గదా అది. రాగి పైపులల్లనే తిరుగుతుంటది, ఇంట్ల వేడి గుంజుకపోయి బయట పడేసి మల్ల వస్తది, అంతే. మా ఫ్రిజ్‌ల కూడ గ్యాసే ఉంటది, పద్నాలుగేండ్ల సంది నడుస్తుంది, ఒక్కసారన్న కొట్టించినమా అని అడిగితే అత్తమ్మ కూడ ఆలోచనల పడ్డది. తక్కువైందంటే యాడనో లీకున్నట్టు. లీకు బంద్ చెయ్యకుండ గ్యాస్ కొడితే అది మల్ల పోతది, మల్ల మూడు వేలు.

సరే, వాడొచ్చేలోపు నేనే చూద్దామనుకున్న. ముందు రిమోట్. నవ్వకుండ్రి, మా చిన్నోడు పోయిన నెల దాన్ని ఫ్యాన్ మోడ్‌ల పెడితే రెండు రోజులు ఉడికినం. ఈసారి కూల్ మీదనే ఉంది, 24. ఫిల్టర్లు పదిహేను రోజుల కింద కడిగినయే, గాలి మంచిగనే కొడుతుంది. స్టెబిలైజర్ మీద 220 చూపిస్తుంది. సాయంత్రం పూట వోల్టేజ్ పడిపోతే అది కట్ చేస్తది, మల్ల వచ్చినంక కంప్రెసర్ (గ్యాస్‌ను తిప్పే మోటర్) షురూ అయ్యేతందుకు మూడు నిమిషాల దాంక పడుతది, గంతట్లనే ఖరాబైందని ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ కొట్టకుండ్రి.

అప్పుడు బంగ్ల మీదికి పోయిన. అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ గుర్రుమంటుంది. (ఫ్యాన్ తిరిగి కంప్రెసర్ సప్పుడు లేకపోతే చాన సార్లు మోటర్‌ను షురూ చేసే కెపాసిటరే పోయుంటది, దాన్ని మాత్రం ముట్టకుండ్రి, కరెంట్ బంద్ చేసినా దాంట్ల చార్జ్ ఉంటది, మెకానిక్ పనే అది.) వెనకకు పోయి చూద్దునా, వేడి బయటికి వదిలే సన్న రేకులు కనవడ్తనే లేవు! మేముండేది పానగల్ దిక్కు, ఎదురుంగ యాసంగి వడ్లు ఆరబోస్తరు, తూర్పార పడుతరు, ఆ దూగరంత వచ్చి దానికి చెద్దరు కప్పినట్టు అతుక్కుంది, మీదికెల్లి నేనే ఆరేసిన దుప్పటి ఒకటి. ఇంట్ల గుంజిన వేడి బయటికి పోవుడెట్ల?

ఎంసీబీ (ఏసీకి కరెంట్ బంద్ చేసే స్విచ్చు) దించిన, ఎండ తగ్గినంక సన్నటి ధారతోటి మెల్లగ కడిగిన. జోరుగ కొడితే రేకులు వంగుతయ్, వైర్లున్న దిక్కు నీళ్లు పోనియ్యొద్దు. బకెట్ల మట్టి చూస్తే సిగ్గైంది.

ఆరినంక ఆన్ చేస్తే అరగంటల తేడా తెలిసింది. ఏసీ గుంజుకునే గాలికి, వదిలే గాలికి 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే దాదాపు మంచిగున్నట్టే. గోడకు పెట్టే థర్మామీటర్‌తోటి చూడాలె, జ్వరం థర్మామీటర్ పనికిరాదు, నేను పెడితే "లో" అన్నది!

అట్ల కడిగినా సల్లగ కాకపోతే, పైపు జాయింట్ల దగ్గర నూనె మరకుంటే అప్పుడు లీకు అనుమానమే. ఎంసీబీ మాటిమాటికి పడుతున్నా, కాలిన వాసనొచ్చినా మల్ల ఎత్తకుండ మెకానిక్‌నే పిలవాలె. గ్యాస్ కొట్టేముందు లీకు యాడుందో చూపియ్యమనుండ్రి, వ్యాక్యూమ్ చేసి, అంటే పైపులల్ల గాలంత గుంజేసి, తూకం పెట్టి కొట్టమనుండ్రి, ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ స్టిక్కర్ మీదనే రాసుంటది.

తెల్లారి మెకానిక్ ఫోన్ చేసిండు, బయలుదేరుతున్న మేడం అని. వద్దన్న. ఇప్పుడు 26 పెట్టినా అత్తమ్మ చెద్దరు అడుగుతుంది.