రోజుకు యాభై రెండు రూపాయలు

చిలకలూరిపేట దగ్గర ఒక నూలు మిల్లులో 17 ఏళ్లు టైం ఆఫీసు గుమాస్తాగా పనిచేసి, 2013 జూన్‌లో 58 ఏళ్లు నిండడంతో ఇంటికి వచ్చాను. అప్పటి నుంచి నాకు నెలనెలా వస్తున్న పీఎఫ్ పింఛను 1,579 రూపాయలు. ఈ పన్నెండేళ్లలో అది ఒక్క రూపాయి కూడా పెరగలేదు.

ఈ అంకె ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. మిల్లులో పదవీ విరమణ చేసే కార్మికుల పింఛను దరఖాస్తులు, అంటే 10-డి ఫారాలు, నింపి, ఎవరికెంత వస్తుందో కాగితం మీద లెక్కగట్టి చెప్పినవాణ్ణి నేనే. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. నా జీతం తొమ్మిది వేలు దాటినా ఆనాటి పరిమితి 6,500 కాబట్టి, దాన్ని 17తో గుణించి 70తో భాగిస్తే వచ్చేది ఇంతే. యజమాని వాటాలో 8.33 శాతం, అంటే నెలకు 541 రూపాయలు, ఈ పింఛను పథకానికే వెళ్లేది. 2014 సెప్టెంబరు 1న జీతం పరిమితిని 15,000కూ, కనీస పింఛనును 1,000కీ పెంచారు. మొదటిది నేను దిగిపోయాక వచ్చింది, రెండవది నాకు అప్పటికే దాటిపోయింది. కనీస పింఛను 3,000 ఇవ్వాలని రాజ్యసభ పిటిషన్ల కమిటీ (కోశ్యారీ కమిటీ) సిఫారసు చేసింది కూడా నేను విరమించిన 2013లోనే.

ప్రభుత్వ ఉద్యోగుల పింఛనుకు ఉన్నట్టు దీనికి కరువు భత్యం లేదు. అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం. 1,579 రూపాయలు 2013లో కూడా చాలేవి కావు, కానీ అప్పుడు బియ్యం బస్తా కొన్నాక పాలవాడికి ఇవ్వడానికి కొంత మిగిలేది. ఇప్పుడు మా ఇద్దరి బీపీ, షుగరు మాత్రలకే సగానికి పైగా పోతుంది, అదీ జనౌషధి దుకాణంలో కొంటేనే. ఆసుపత్రిలో చేరితే ఆరోగ్య కార్డు పనికొస్తుంది గానీ, రోజూ మింగే మాత్రలకు పనికిరాదు.

మా వీధిలో అరవై దాటిన చాలామందికి ఒకటో తేదీ ఉదయమే సచివాలయం వారు ఇంటికి వచ్చి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను ఇచ్చి వెళతారు. వారిని చూసి నాకు కడుపుమంట లేదు; అది వారికి న్యాయంగా అందవలసినదే. మా అబ్బాయి ఆదాయపు పన్ను కడుతున్నాడు, వాడి పేరు మా రేషను కార్డులోనే ఉంది కాబట్టి నాకు అది రాదు. వాడు బెంగళూరులో అద్దె, పిల్లల ఫీజులు కట్టుకున్నాక ఏమి పంపగలడో అది పంపుతున్నాడు, అడగడానికి నాకే నోరు రాదు. పీఎఫ్ సొమ్ము అమ్మాయి పెళ్లికి సరిపోయింది. ఇల్లు గడుస్తున్నదంటే మా ఆవిడ కుట్టే జాకెట్ల వల్లనే, ఆమెకు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి నేను కావాలి.

బతికే ఉన్నానని చూపే జీవన ప్రమాణ పత్రం ఏటా ఇవ్వడానికి వెళ్లినప్పుడు పాత మిల్లు మనుషులు కలుస్తారు. ఏళ్ల తరబడి దారం పట్టి అరిగిన వారి వేళ్లను యంత్రం ఒక పట్టాన గుర్తించదు.

మొన్న మా ఆవిడ, నేను పోతే తనకెంత వస్తుందని అడిగింది. సగం అంటే 789, కానీ కనీస పింఛను ఉంది కాబట్టి వెయ్యి ఇస్తారని చెప్పాను. "అయితే పర్వాలేదు, సగం కంటే ఎక్కువే" అని మళ్లీ మిషను తొక్కసాగింది.